ఐదు రూపాయల చుట్ట మీద ఐదు రూపాయల సుంకం: కేంద్ర ఆర్థిక మంత్రి గారికి, జీఎస్టీ కౌన్సిల్ సభ్యులకు బహిరంగ లేఖ

గోదావరి లంకల నుంచి,
డిసెంబరు 2025

గౌరవనీయులైన కేంద్ర ఆర్థిక మంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ గారికి, జీఎస్టీ కౌన్సిల్‌లో మన రెండు తెలుగు రాష్ట్రాల తరఫున కూర్చునే మంత్రులకు, గోదావరి జిల్లాల ఎంపీలకు,

నమస్కారం.

మంత్రి గారూ, మీరు మా నరసాపురం కోడలు. ఎంపీగా పెదమైనవానిలంకను దత్తత తీసుకున్నారు. లంక ఊరంటే ఏమిటో, వరదొస్తే అక్కడ బతుకు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. అందుకని నేరుగా విషయంలోకి వస్తాను.

నేను రిటైరైన తెలుగు పంతుల్ని. వయసు 71. నలభై ఏళ్లుగా చుట్ట తాగుతున్నాను. నాలాగే తాగేవాళ్లు, చుట్టలు చుట్టే ఆడవాళ్లు, ఆకు పండించే రైతులు కలిసి మా ఊళ్లో 43 మందిమి సంతకాలు పెట్టి, మొన్న సెప్టెంబరు ఆఖర్లో ఒక వినతిపత్రం ఇచ్చాం. బీడీ మీద జీఎస్టీని 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గించాలని నిర్ణయించారు కదా, మా చేతిచుట్టకూ అదే చేయండి అన్నదే అందులో ఉన్న కోరిక. అది ఏ ఆఫీసులో ఇచ్చామో ఇక్కడ రాయను, ఎవరినీ వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు. నెల తర్వాత వెళ్లి అడిగితే "ఇది మా సెక్షన్ కాదండీ" అన్నారు. ఎవరి సెక్షనో చెప్పమంటే చెప్పలేకపోయారు. దాని రసీదు ఇప్పటికీ నా జేబులోనే ఉంది.

ఇంతలో డిసెంబరు 1న మీరు లోక్‌సభలో కేంద్ర ఎక్సైజ్ సవరణ బిల్లు ప్రవేశపెట్టారు. రాష్ట్రాల నష్టం పూడ్చడానికి వేసిన జీఎస్టీ పరిహార సెస్సు ముగిసిపోతోంది కాబట్టి ఆ స్థానంలో పొగాకు మీద ఎక్సైజ్ సుంకం పెంచుతామని చెప్పారు. బిల్లు పార్లమెంటు ఆమోదం కూడా పొందింది. ఎప్పటి నుంచి అమలు, ఎవరికి ఎంత మినహాయింపు అన్నది మాత్రం నోటిఫికేషన్ ద్వారా తేలాలి. అది ఇంకా రాలేదు. మా ఆశ అంతా ఆ మిగిలిన కాస్త వ్యవధి మీదే. మా మాట మీదాకా చేరాలంటే ఇలా అందరి ముందూ రాయడం తప్ప నాకు వేరే దారి కనిపించలేదు.

ముందుగా ఒక సంగతి ఒప్పుకుంటాను. చుట్ట ఆరోగ్యానికి చేటు. ఇందులో వాదన లేదు. మా పెద్దమ్మ అడ్డపొగ తాగేది. అంటే వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం. శ్రీకాకుళం, విశాఖ తీరంలో బెస్తవారి ఆడవాళ్లలో ఈ అలవాటు ఎక్కువ. గాలికి చుట్ట ఆరిపోకుండా, రెండు చేతులా పని చేసుకోవడానికి వీలుగా అలవాటైందంటారు. పెద్దమ్మకు అంగిట్లో తెల్లమచ్చ వచ్చింది. తర్వాత అది పుండైంది. అన్నం కారం లేకుండా కలిపి పెట్టినా మింగలేకపోయేది. చల్లారిన గంజి ఒక్కో చెంచా పోస్తుంటే కళ్లు గట్టిగా మూసుకుని మింగేది. విశాఖ తీసుకెళ్లేసరికి ఆలస్యమైపోయింది. ఆవిడను మోసుకెళ్లిన నలుగురిలో నేనొకణ్ణి. కాబట్టి చుట్ట మంచిదని, పిల్లలు తాగితే ఏమవుతుందని నా నోట ఎప్పుడూ రాదు. పద్దెనిమిదేళ్లు నిండని వాళ్లకు అమ్మేవాణ్ణి పట్టుకుని జరిమానా వేస్తే మొదట చప్పట్లు కొట్టేది నేనే.

ఒకడి ఇల్లు కాలుతుంటే ఇంకొకడు చుట్టకు నిప్పు అడిగాడని మన తెలుగులో సామెత ఉంది. దేశం ఆరోగ్యం కోసం పన్ను వేస్తుంటే వీళ్లు తమ చుట్ట గురించి ఏడుస్తున్నారేమిటని ఎవరికైనా అనిపించవచ్చు. దయచేసి ఈ కింది లెక్క ఒక్కసారి చూడండి. పన్నే వద్దని మేము అనడం లేదు. ఆ పన్ను ఎవరి మీద ఎంత పడుతోందో చూడమంటున్నాం.

పాత ఎక్సైజ్ షెడ్యూలులో సిగార్లు, చుట్టలు అన్నిటికీ కలిపి రేటు ఇలా ఉంది: 12.5 శాతం, లేదా వెయ్యింటికి 4,006 రూపాయలు, ఏది ఎక్కువైతే అది. కొత్త బిల్లులో 25 శాతం, లేదా వెయ్యింటికి 5,000 రూపాయలు, ఏది ఎక్కువైతే అది. ఈ "ఏది ఎక్కువైతే అది" అన్న మూడు మాటలే మా కొంప ముంచేవి.

వెయ్యింటికి 5,000 అంటే ఒక్కో చుట్టకు 5 రూపాయలు. మా ఊళ్లో పది చుట్టల కట్ట 50 రూపాయలు. అంటే చుట్ట ధర 5, దాని మీద సుంకం 5. నూటికి నూరు. చుట్ట పది రూపాయలదైతే సుంకం సగం. ఇరవై రూపాయలదైతే పావు వంతు. ఇరవై దాటాక ఇంకెంత ఖరీదైనా పావు వంతే. ఐదు వందల రూపాయల సిగార్ తాగే పెద్దమనిషి కట్టేది 25 శాతం. గోచీ పెట్టుకుని లంకలో కలుపు తీసే ముసలాయన కట్టేది 100 శాతం. దీని మీద 40 శాతం జీఎస్టీ కూడా పడితే ఐదు రూపాయల చుట్ట 14 రూపాయలవుతుంది. అదే లెక్కన వంద రూపాయల సిగార్ 175 అవుతుంది. ఆయనకు రెట్టింపు కూడా కాలేదు, మాకు దాదాపు మూడింతలైంది.

అమెరికాలో 2009లో పొగాకు పన్నులు బాగా పెంచారు. పెద్ద సిగార్ మీద ధరలో 52.75 శాతం అన్నారు కానీ, ఒక్కో సిగార్ మీద 40.26 సెంట్లు దాటకూడదని పైన ఒక కప్పు పెట్టారు. అక్కడ పై కప్పు ఖరీదైనదాన్ని కాపాడింది. ఇక్కడ మీరు పెట్టిన కింది గడప చవకదాన్ని కొట్టేస్తోంది. రెండు చోట్లా నష్టపోయేది చవక చుట్ట తాగేవాడే. అదే 2009 పెంపులో వాళ్లు ఇంకో పొరపాటు చేశారు. చేత్తో చుట్టుకునే పొగాకు మీద పౌనుకు 24.78 డాలర్లు వేసి, పైపు పొగాకు మీద 2.83 డాలర్ల దగ్గర ఆగిపోయారు. జనం పొగ మానలేదు, పైపు పొగాకు కొని దాన్నే చుట్టుకున్నారు. ఒకదాని మీద ఎక్కువ, పక్కదాని మీద తక్కువ వేస్తే ఏమవుతుందో వాళ్ల అనుభవం మన ముందుంది.

ఇక మా మీద పడే కష్టాలు ఒక్కొక్కటిగా చెబుతాను.

1. తాగేవాళ్లు ఎవరో చూడండి. చుట్ట కుర్రకారు వ్యసనం కాదు. మా ఊళ్లో నలభై లోపు వాడు చుట్ట తాగగా నేను చూడలేదు. వాళ్లంతా సిగరెట్లో, గుట్కాలో. చుట్ట తాగేవాళ్లంతా అరవై దాటినవాళ్లు, అందులో సగం మంది ఆడవాళ్లు. వాళ్లలో చాలామందికి ఆధారం రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే నెలకు 4,000 రూపాయల పింఛను. రోజుకు నాలుగు చుట్టలు తాగే మనిషికి ఇప్పుడు నెలకు 600 ఖర్చు. చుట్ట 14 రూపాయలైతే 1,680. మిగిలిన 2,320లో బియ్యం రేషన్‌లో వస్తుందనుకుందాం. పప్పు, నూనె, బీపీ మాత్రలు, కంటి చుక్కలు, పడవ దాటడానికి డబ్బులు అన్నీ అందులోనే రావాలి. ధర పెరిగితే మానేస్తారని నిపుణులు అంటారు. ఇంకా మొదలుపెట్టని కుర్రాడి విషయంలో అది నిజమేనని నేనూ నమ్ముతాను. కానీ పన్నెండో ఏట తల్లి చుట్ట వెలిగించి ఇవ్వమంటే ఒక దమ్ము లాగి అలవాటైన డెబ్భై ఐదేళ్ల ముసలమ్మ చుట్ట మానదు, మాత్రలు మానేస్తుంది. ఇది ఊహించి రాయడం లేదు. పోయినేడు ఆకు ధర పెరిగినప్పుడు మా వీధిలోనే చూశాను. "పూటకో మాత్ర అన్నారు గానీ బాబూ, రోజు మార్చి రోజు వేసుకుంటున్నా" అందొక అవ్వ, ఏమీ తప్పు చేయనట్టు.

2. చుట్టేవాళ్లు. మా పిన్ని సంగతి చెబుతాను. ఆవిడకు 64 ఏళ్లు. పొద్దున్నే ఆకు మీద నీళ్లు చిలకరించి తడి గోనెపట్టా కప్పి ఉంచుతుంది. వంట అయ్యాక అరుగు మీద కూర్చుంటుంది. మెత్తబడిన ఆకు ఒళ్లో పరుచుకుని నడిమి ఈనెను ఒక్క లాగు లాగుతుంది. అది తెగకుండా మొదలు నుంచి కొస దాకా వచ్చేస్తుంది. చిల్లులు పడ్డ ఆకులు, ముక్కలు లోపలికి, మంచి ఆకు పైకి. అరచేతితో పలక మీద దొర్లిస్తుంది. అంచుకు గంజి అద్ది అతికిస్తుంది. బిగువు ఎక్కువైతే పొగ రాదు, తక్కువైతే మండిపోతుంది. ఆ బిగువు ఆవిడ వేళ్లకే తెలుసు. గోళ్లు ఎప్పుడో నల్లబడిపోయాయి, ఎంత తోమినా పోవు. రోజుకు 200 చుట్టలు చుడుతుంది. ఆకు ఖర్చు, కొట్టువాడి కమీషన్ పోను ఆవిడకు మిగిలేది 250 రూపాయలు. కొత్త రేటు ప్రకారం ఆ 200 చుట్టల మీద సుంకమే రోజుకు 1,000 రూపాయలు. సంవత్సరం మొత్తం మీద ఆవిడ చేతి మీదుగా వెళ్లే సరుకు సుమారు 3 లక్షలు. సుంకం కూడా 3 లక్షలు.

3. జీఎస్టీలో ఉన్న గీత ఎక్సైజులో ఏది? ఇప్పటిదాకా మా పిన్ని లాంటివాళ్లు బతికి బట్టకట్టడానికి కారణం ఒకటుంది. జీఎస్టీ వచ్చిన 2017 నుంచి చుట్ట మీద సెస్సు 21 శాతం, లేదా వెయ్యింటికి 4,170, ఏది ఎక్కువైతే అది. కాగితం మీద అదీ ఎక్కువే. కానీ జీఎస్టీలో పొగాకు సరుకు చేసేవాళ్లకు ఏడాదికి 20 లక్షల అమ్మకం దాటితేనే రిజిస్ట్రేషన్. మిగతా సరుకులకు 40 లక్షలు, మాకు 20 లక్షలే అన్నారు, సరే అనుకున్నాం. ఆ గీత కింద అరుగు మీది చుట్ట నిలబడింది. ఎక్సైజ్ అంటే అమ్మకం మీద కాదు, తయారీ మీద. సరుకు పుట్టిన చోటే పన్ను పుడుతుంది. మరి 3 లక్షల సరుకు చేసే ముసలావిడ తయారీదారు అవుతుందా, కాదా? ఆవిడ అరుగు ఫ్యాక్టరీ అవుతుందా? బిల్లు చదివాను. రేట్లు ఉన్నాయి గానీ దీని గురించి ఒక్క మాట లేదు. కంపెనీలకు ఆడిటర్లు ఉంటారు, చెబుతారు. మాకు ఎవరు చెబుతారు? ఏ రోజు ఎవరు జీపు దిగుతారోనన్న టెన్షన్‌తో కొట్టువాడు ఇప్పటికే "అమ్మా, సంగతి తేలేదాకా ఆగు, సరుకు తేవద్దు" అంటున్నాడు. పన్ను రాకముందే పని పోయింది.

4. ఆకు. చుట్ట కొనలేనివాళ్లు సంతలో ఆకు కొనుక్కుని ఇంట్లో తామే చుట్టుకుంటారు. పొగాకు ఆకు మీద జీఎస్టీ 5 శాతం. కానీ "తయారీ కాని పొగాకు" అనే ఇంకో పద్దు ఉంది. దాని మీద ఎక్సైజును కొత్త బిల్లులో 64 నుంచి 70 శాతం చేశారు. ఎండబెట్టి మండె వేసిన, అంటే కుప్పగా పేర్చి పదును పెట్టిన ఆకు ఎక్కడిదాకా ఆకు, ఎక్కడి నుంచి "తయారీ కాని పొగాకు"? ఈ తేడా మీద వ్యాపారులు, అధికారులు ఏళ్ల తరబడి కొట్లాడుకుంటూనే ఉన్నారు. గోనెపట్టా మీద నాలుగు కట్టలు పెట్టుకుని సంతలో కూర్చునే మనిషి ఏ కోర్టుకు వెళ్లి ఈ తేడా తేల్చుకుంటాడు?

5. రైతు. లంక పొగాకుకు ఎరువు గోదావరే. ఏటా వరద తెచ్చిన ఒండ్రు మీద, నీళ్లు తీశాక వేసే పంట ఇది. ఒకప్పుడు ఈ ఆకు కాకినాడ రేవు నుంచి ఓడల మీద బర్మాకు వెళ్లేది. ఇంగ్లీషువాడు ప్రపంచమంతా చెప్పుకున్న "చెరూట్" అన్న మాట కూడా మన దక్షిణాది నోటి నుంచి వెళ్లిందే. ఇంత పేరున్న ఆకుకు ఇవాళ దిక్కెవరు? గుంటూరులో పొగాకు బోర్డు 1976 నుంచి ఉంది. కానీ అది చూసేది ప్రధానంగా సిగరెట్లకు వాడే వర్జీనియా పొగాకునే. మా ఆకుకు వేలం కేంద్రం లేదు, పంట లెక్క లేదు, మద్దతు ధర మాట అసలే లేదు. వ్యాపారి పడవ దిగి చెప్పిందే రేటు. 2022 జూలై వరదలో లంకలు మునిగినప్పుడు మండెలు తడిసి కుళ్లిపోతే చూసినవాడు లేడు. ఈ ఏడాది నల్ల బర్లీ అనే రకం పొగాకు పండించిన రైతులు కొనేవాళ్లు లేక రోడ్డెక్కితే రాష్ట్రం తన సహకార సంస్థ మార్క్‌ఫెడ్ చేత కొనిపించింది, మంచి పని చేసింది. మా లంక ఆకు ఆగిపోతే కొనేవాళ్లెవరు? చుట్ట ఆగితే ఆకూ ఆగుతుంది. సిగరెట్ కంపెనీలకు మా ఆకు పనికిరాదు.

వేరే పంట వేసుకోమంటారు. వేస్తాం. కూరగాయలు, మొక్కజొన్న వేస్తున్నవాళ్లు ఉన్నారు కూడా. కానీ ఆ మార్పుకు రెండు మూడేళ్లు పడుతుంది. లంక నుంచి కూరగాయలు పడవలో, ట్రాక్టర్‌లో ఒడ్డుకు చేరేసరికి వాడిపోతాయి. ఎండిన ఆకు వాడదు. ఈ తేడా పొలంలో దిగినవాడికి తెలుస్తుంది. రాజమహేంద్రవరంలో 1947 నుంచి పొగాకు మీద పరిశోధన చేస్తున్న కేంద్ర సంస్థ ఉంది. ప్రత్యామ్నాయ పంటల మీద వాళ్ల చేత మా లంకల్లో పని చేయించండి. ఆ తర్వాత పన్ను పెంచండి. మీరు ముందు పన్ను పెంచారు.

6. బీడీకి ఒక న్యాయం, చుట్టకు ఒక న్యాయం. బీడీని నేను తప్పుపట్టడం లేదు. నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టే లక్షల మంది అక్కచెల్లెళ్లు ఉన్నారు. వాళ్ల పొట్ట కొట్టకూడదనే సెప్టెంబరులో బీడీకి 18 శాతం, బీడీ చుట్టే తునికాకుకు 5 శాతం అని నిర్ణయించారు. తెలంగాణలో బీడీ కార్మికులకు ఆసరా పింఛను ఉంది. చాలా మంచిది. మేము అడిగేది అదే న్యాయం. రెండూ చేతి పనే. రెండూ ఆడవాళ్ల పనే. పార్లమెంటు కూడా 1966లో బీడీ కార్మికులకు, సిగార్ కార్మికులకు కలిపి ఒకే చట్టం చేసింది. మొన్న నవంబరు 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చేదాకా ఆ చట్టం ఉంది. పని విషయంలో ఒక్కటే అన్నవాళ్లు పన్ను విషయంలో బీడీని పేదవాడి పక్కన, చుట్టను ఐదు నక్షత్రాల హోటల్లో సిగార్ పక్కన కూర్చోబెట్టారు. చుట్టేవాళ్లు తక్కువ మంది, ఓట్లు తక్కువ, గట్టిగా అరిచే సంఘం లేదు. ఇదే కారణమైతే చెప్పండి, మేమూ అర్థం చేసుకుంటాం.

ఇంకో చిక్కు కూడా ఉంది. చుట్ట 14 రూపాయలై బీడీ రూపాయి దగ్గరే ఉంటే ఏమవుతుంది? చుట్ట తాగేవాడు బీడీకి మారతాడు. రోజుకు నాలుగు చుట్టలు తాగేవాడు ఇరవై బీడీలు కాలుస్తాడు, పొగ లోపలికి పీల్చడం కొత్తగా నేర్చుకుంటాడు. ఆరోగ్యం పేరు మీద వేసిన పన్ను అతన్ని ఇంకా లోతుకు నెట్టినట్టు కాదా? అమెరికాలో పైపు పొగాకు విషయంలో జరిగింది ఇదే.

ఈ విషయాలన్నీ మీ దృష్టికి తెస్తూ, మేము కోరుతున్నవి ఇవి.

ఒకటి. చేతిచుట్టను ఖరీదైన సిగార్ నుంచి వేరు చేయండి. చేత్తో చుట్టిన, 20 రూపాయల లోపు ధర ఉన్న చుట్టకు "వెయ్యింటికి 5,000" అన్న గడపను ఎత్తేసి, శాతం మాత్రమే ఉంచండి. దీనికి మళ్లీ బిల్లు అక్కర్లేదు. మినహాయింపులు ఇచ్చే అధికారం ఉన్న కేంద్ర ఎక్సైజ్ చట్టం 5ఎ సెక్షన్ కింద నోటిఫికేషన్ ఇస్తే చాలు. సిగార్ మీద ఎంత పెంచుకున్నా మాకు అభ్యంతరం లేదు.

రెండు. చేతిచుట్టకు జీఎస్టీ బీడీతో సమానంగా 18 శాతం చేయండి. దీన్ని వచ్చే జీఎస్టీ కౌన్సిల్ సమావేశంలో అజెండాలో పెట్టించాల్సిన బాధ్యత మన తెలుగు రాష్ట్రాల మంత్రుల మీద ఉంది. బీడీ గురించి తెలంగాణ ఎంత గట్టిగా మాట్లాడిందో చుట్ట గురించి ఆంధ్రప్రదేశ్ అంత గట్టిగా మాట్లాడాలి.

మూడు. ఏడాదికి 20 లక్షల లోపు సరుకు చేసే చుట్టల తయారీదారులకు ఎక్సైజ్ రిజిస్ట్రేషన్, సుంకం వర్తించవని తెలుగులో, అందరికీ అర్థమయ్యే మాటల్లో ప్రకటన ఇవ్వండి. గ్రామ సచివాలయం గోడ మీద అతికించేంత చిన్నదైనా చాలు.

నాలుగు. సంతలో విడిగా, బ్రాండు లేకుండా అమ్మే లంక ఆకు 70 శాతం పద్దులోకి రాదని స్పష్టం చేయండి.

ఐదు. చుట్టలు చుట్టే ఆడవాళ్ల లెక్క తీయించండి. మా ఊళ్లో ఎంతమందో నేను చెప్పగలను, జిల్లా మొత్తంలో ఎంతమందో ప్రభుత్వమే చెప్పాలి. లెక్క తేలాక బీడీ కార్మికులకు ఇచ్చే గుర్తింపు కార్డు, వైద్యం, పిల్లల స్కాలర్‌షిప్పు వీళ్లకూ ఇవ్వండి.

ఆరు. ఇది అన్నిటికన్నా ముందు రాయాల్సింది, మనసులో బరువుగా ఉండి చివరికి వచ్చింది. ముప్పై ఏళ్లు దాటినవాళ్లందరికీ నోటి క్యాన్సర్ పరీక్ష చేయాలన్నది ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. మా లంకలో నోరు తెరిపించి టార్చి వేసి అంగిలి చూసినవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు. ఇంటికొచ్చే నర్సమ్మకు బీపీ చూడటం నేర్పారు. అంగిట్లో తెల్లమచ్చను గుర్తుపట్టడం కూడా నేర్పండి. శ్రీకాకుళం నుంచి కోనసీమ దాకా అడ్డపొగ తాగే ఆడవాళ్లు ఉన్న ప్రతి ఊళ్లోనూ ఏడాదికి రెండుసార్లు శిబిరం పెట్టండి. మచ్చ ఉన్నవాళ్లను విశాఖకో, కాకినాడకో తీసుకెళ్లి, తీసుకొచ్చే బండి ఖర్చు మీరు పెట్టుకోండి. మానాలనుకునేవాళ్లకు మందు, మాట సాయం ఇప్పించండి. చుట్ట మీద వచ్చే సుంకంలో మొదటి రూపాయి దీనికే వెళ్తుందని మీరు చెప్పగలిగితే, అడ్డపొగ తాగే మా అవ్వలు కూడా కాదనరు. మా పెద్దమ్మకు కావాల్సింది ధర పెరగడం కాదు. ఆర్నెల్ల ముందు ఎవరైనా నోరు తెరిపించి చూడటం.

ఏడు. గోదావరి జిల్లాల ఎంపీలకు విడిగా ఒక మాట. బిల్లు సభలో చర్చకు వచ్చిన రోజు నేను టీవీ ముందు కూర్చుని చూశాను. సిగరెట్ మాట వినిపించింది, గుట్కా, పాన్ మసాలా వినిపించాయి. చుట్ట మాట నాకు వినపడలేదు. ఎవరైనా మాట్లాడి నేను వినలేకపోయి ఉంటే క్షమించండి. జనవరి ఆఖర్లో మొదలయ్యే బడ్జెట్ సమావేశాల్లో కనీసం ఒక్కరైనా ఈ ప్రశ్న అడగండి: ఐదు రూపాయల చుట్ట మీద నూరు శాతం, ఐదు వందల సిగార్ మీద పాతిక శాతం ఎలా న్యాయం?

నోటిఫికేషన్ వెలువడేలోగా మాకు జవాబు కావాలి. ఈసారి "మా సెక్షన్ కాదు" అన్న మాట వద్దు. ఎవరు చూస్తారో వాళ్ల పేరు, ఏ తేదీలోగా చెబుతారో ఆ తేదీ రాసి పంపండి చాలు. సంక్రాంతికి మీరు నరసాపురం వచ్చినట్లయితే మా 43 మందిలో నడవగలిగినవాళ్లం వచ్చి కలుస్తాం. నడవలేనివాళ్ల సంతకాలు తెస్తాం. మా పిన్ని తను చుట్టిన కట్ట ఒకటి, రోజు లెక్క రాసుకునే పుస్తకం ఒకటి తెస్తానంది. ఆ పుస్తకంలో ఆకు ఎంతకు కొన్నదీ, ఎన్ని చుట్టిందీ, ఎంత చేతికొచ్చిందీ తేదీలతో సహా ఉంది. డిసెంబరు 8 తర్వాత పేజీలు ఖాళీగా ఉన్నాయి.

ఇట్లు,
చుట్ట తాగే, చుట్టే, ఆకు పండించే 43 మంది తరఫున,
ఒక రిటైర్డ్ తెలుగు పంతులు
కోనసీమ, ఆంధ్రప్రదేశ్